కణుజు మెడలో నవ్వు

వేటకు బయలుదేరే ముందు వింటిస్వామికి దణ్ణం పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. గురి తప్పకుండా చూడు స్వామీ అని అడుగుతాం. చిన్నప్పటి నుంచీ నాకొక సందేహం. అదే పొద్దున అడవిలో ఒక జంతువు కూడా, ఈ పూట బాణం నన్ను తప్పిపోయేలా చూడు స్వామీ అని అడుక్కుంటూ ఉంటుంది కదా. దాన్ని పుట్టించినవాడూ ఆయనే. మరి ఇద్దరిలో ఎవరి మాట వింటాడు? మా నాన్నను అడిగితే దీపం కొండెక్కేలా ఉంది, నూనె పొయ్యమన్నాడు. పూజారిని అడిగితే ప్రసాదం ఇంకాస్త ఎక్కువ పెట్టాడు. ఆ సందేహంతోనే పెళ్ళి చేసుకున్నాను, బిడ్డను ఎత్తుకున్నాను. ఆ సందేహాన్నే వెంటబెట్టుకుని శూన్యకంఠుడి అడవిలోకి ఒంటరిగా పోవలసి వచ్చింది.

నా పేరు మాచన. నీలకేతన రాజ్యానికి ఉత్తరపు కొసన, శిలావతి నది ఇవతలి గట్టున, విలుకాళ్ళ పల్లె మాది. నదికి అవతల అడవి. పొద్దుపొడుపు వేళ ఆ అడవి వైపు చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. మద్దిచెట్ల మొదళ్ళు తడిసిన ఏనుగుల్లా నల్లగా నిలబడి ఉంటాయి. వాటి మీద మంచు పాలనురుగులా తేలుతుంది. కొండ భుజం మీంచి జారే జలపాతం ఎండ తగలగానే ఏడు రంగుల ఉత్తరీయం కప్పుకుంటుంది. అంత అందమైన అడవిలో పిట్ట కూత మాత్రం వినిపించదు.

ఎందుకంటే అక్కడి గొంతులన్నీ శూన్యకంఠుడు దోచుకున్నాడు. వాడు పుట్టుకతో మూగవాడైన మాంత్రికుడు. ఎన్నో ఏళ్ళు ఘోరమైన పూజలు చేసి, ఇతరుల గొంతును చిన్న గంటలోకి లాగేసే విద్య సంపాదించాడు. వాడి మేడ నిండా గంటలే. పాటగత్తెల ఆలాపనలు, తల్లుల జోలపాటలు, చల్లలమ్మే వాళ్ళ కేకలు, కోకిల కూతలు అన్నీ ఇత్తడిలో బందీలై వేలాడుతుంటాయి. రోజుకొక గొంతు తగిలించుకుని మాట్లాడతాడు. రాజుగారు సేనను పంపితే ముందు సేనాధిపతి గొంతే కాజేశాడు. పదండని చెప్పేవాడు లేక సేన వెనక్కి వచ్చింది.

కిందటి వైశాఖమాసంలో మా వీధికి గాజులమ్మేవాడొకడు వచ్చాడు. మా చంద్రమకు ఆరేళ్ళు. గాజులు చేతికి పెద్దవై మోచేతి దాకా జారిపోతుంటే గలగలా నవ్వింది. గాజులవాడు మలారం మూటలోంచి చిన్న గంట తీసి దాని నోటి ముందు పెట్టాడు. నవ్వు సగంలో తెగిపోయింది. నవ్వూ మాటా ఏడుపూ అన్నీ ఆ గంటలోకి పోయాయి. నేను విల్లు అందుకునేలోపు గాజులవాడు పొగై పోయాడు. ఆ రోజు నుంచి బిడ్డ నోరు తెరిస్తే గాలి వస్తుంది, అంతే. నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చినా మాకు వినిపించదని, మా ఆవిడ నాచమ తన చేయి దాని గుండె మీద వేసుకునే పడుకుంటుంది.

పసిపిల్ల నవ్వు మేడలో వేలాడదీస్తే వాడిపోతుందట, తిరుగుతూ ఉండాలట. అందుకని మాంత్రికుడు ఆ గంటను ఒక కణుజు కొమ్ముకు పొడవాటి పట్టుదారంతో కట్టి అడవిలోకి వదిలాడు. కణుజంటే మామూలు దుప్పి కాదు. గుర్రమంత ఎత్తు, సింహానికున్నట్టు మెడ చుట్టూ జూలు, ఆకు రాల్చిన చెట్టులాంటి కొమ్ములు. అది నడిచినప్పుడల్లా మా చంద్రమ నవ్వు అడవిలో మోగుతుంది. ఫాల్గుణం వెళ్ళేసరికి కణుజు కొమ్ములు రాలుస్తుంది. కొమ్ముతో పాటు గంట గట్టి నేల మీద పడిందా, పగిలి దుమ్మైపోతుంది. తర్వాత ఏ దేవుడూ ఆ గొంతు తిరిగి ఇవ్వలేడు.

ఆ కణుజు మీద ఇంకో మాయ ఉంది. ఇద్దరు మనుషుల అడుగులు వినబడితే మంచై కరిగిపోతుంది. ఆ సంగతి తెలియక మొదటిసారి మా బావమరిదిని తోడు తీసుకుని వెళ్ళాను. కణుజు కళ్ళముందే కరిగింది. నేను దాని మీదికి దూకబోయి, కింద ఏమీ లేక లోయలో పడ్డాను. కుడి భుజం కీలు ఊడి వీపు వైపు వచ్చింది.

మా పక్క పల్లెలో రుద్రసాని అని శస్త్రవైద్యురాలు ఉంది. తల నెరిసిన మనిషి, చేతులు మాత్రం పదహారేళ్ళ పిల్లవి. ఊడిన కీలు ఎన్నిసార్లు ఎక్కించినా నిలవకపోయేసరికి, మత్తు కషాయం తాగించి, భుజం కోసి, తెగిన నరాలను పట్టుదారంతో కుట్టింది. మెలకువ వచ్చాక నేను అడిగిన మొదటి మాట, ఎప్పుడు విల్లు పట్టవచ్చని. నేను చెప్పినప్పుడే పట్టు అంది. అప్పటిదాకా నారి లాగితే కుట్టు తెగుతుందని, తెగితే మళ్ళీ కుట్టడానికి అక్కడ మిగిలేది తక్కువని కూడా చెప్పింది.

ఆమె మాట నేను జవదాటలేదు. చెయ్యి మెడకు కట్టుకుని, ఎడం చేత్తో తింటూ, వెల్లకిలా పడుకుంటూ రోజులు లెక్కపెట్టాను. అమావాస్య వచ్చింది. మా పల్లెలో అమావాస్య నాటి పొద్దున ప్రతి ఇంటి యజమానీ స్నానం చేసి, దేవుడి గదిలో ఉన్న తాతలనాటి విల్లును బాణం లేకుండా ఒక్కసారి చెవిదాకా లాగి వదలాలి. ఆ నారి మోతే స్వామికి నైవేద్యం. అది పూజ కదా, విల్లు పట్టడం కిందికి వస్తుందని నా బుర్రకు తట్టనే లేదు. కట్టు విప్పాను, దణ్ణం పెట్టుకున్నాను, లాగాను. భుజంలో తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది.

రుద్రసాని వచ్చి చూసింది. నేను పూజ సంగతి చెప్పాను. ఆమె నీళ్ళు కాచమని నాచమతో చెప్పి, కత్తి నూరుతూ, "ఒరే నాయనా, స్వామి నీ భక్తి అడిగాడు గానీ నా కుట్టు అడిగాడా?" అంది.

ఆయన కోసమే చేసిన పనిలో నా కుట్టును ఆయనెందుకు కాపాడలేదో అని కొన్నాళ్ళు అలిగాను. దీపం మాత్రం మానలేదు.

రెండోసారి కోసి కుట్టాక భుజం నాది కానట్టే ఉండేది. శ్రావణం, భాద్రపదం అలా గడిచాయి. దసరా వెళ్ళాక రుద్రసాని నన్ను పనిలోకి దించింది. మొదట గోడ మీద వేళ్ళు పాకించడం. తర్వాత చింతబరిక వంచి వదలడం. తర్వాత నూతిలోంచి చిన్న ముంత తోడడం. ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేశారు, నేను మంచినీళ్ళ వ్రతం పట్టానని. నా విల్లు ఇంక నేను లాగలేనని ఆమె తేల్చేసింది. మా పల్లెలో ఆడవాళ్ళు జొన్నచేలో చిలకలను తోలడానికి వెదురు విల్లు వాడతారు. నాచమది తెచ్చి నా చేతిలో పెట్టింది.

పక్కింటి గుండనకు గొంతు ఉండి ఉంటే అప్పుడు పెద్ద నవ్వు నవ్వేవాడు. పాపం అతను అంతకు ముందే అడవికి వెళ్ళి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. మూగవాడయ్యాక కూడా అతని కళ్ళు ఎగతాళి చేశాయి. కాని నాకు మేలు చేసినవాడూ అతనే. మా అరుగు ముందు దుమ్ములో పుల్లతో గీసి చూపించాడు. జలపాతం కింద ఒక బురద మడుగు ఉంది. పొద్దునే కణుజు వచ్చి అందులో పొర్లుతుంది. పొర్లాక లేచి, మూతి ఆకాశానికెత్తి, ఒకసారి అరుస్తుంది.

ఆ బొమ్మ చూసి రుద్రసాని నా వేట మొత్తం మార్చేసింది. చిలకల విల్లుతో దూరం నుంచి కొడితే ఈ జంతువుకు దోమ కుట్టినట్టే. కాబట్టి నేను దాని ఊపిరి నా ముఖానికి తగిలేంత దగ్గరికి పోవాలి. గంట సరిగ్గా గుండె ముందు వేలాడుతుంది, మాంత్రికుడి తెలివి అది. గుండెకు గురిపెడితే గంట పగులుతుంది. కాబట్టి కొట్టవలసింది దారాన్ని. అది మూతి ఎత్తినప్పుడు మాత్రమే దారం గాలిలో బిగుస్తుంది. తెగిన గంట మెత్తని బురదలో పడుతుంది, పగలదు. నారి లాగి పట్టుకుని సమయం కోసం నిలబడడం నా భుజం వల్ల కాదు. లాగడం, వదలడం ఒకే ఊపిరిలో అయిపోవాలి. చంద్రవంక ములికి ఉన్న బాణం చేయించుకుని, ఉట్టి తాడుకు ఉల్లిగడ్డ కట్టి ఊపుతూ, పెరట్లో మోకాలి లోతు బురద చేసుకుని అందులో కూర్చుని కొట్టడం నేర్చుకున్నాను. మొదటి నెల తాడుకు తప్ప అన్నిటికీ తగిలింది. నాచమ ఒక బాణాన్ని పప్పు కుండలోంచి తీసి ఇచ్చింది. చంద్రమ పొట్ట పట్టుకుని ఊగింది. నవ్వుతోందని ఊగడం చూసి తెలుసుకున్నాం.

తాడు తెగడం మొదలైన రోజుల్లోనే ఒక సాధువు మా గుమ్మంలోకి వచ్చాడు. కాషాయం, విభూతి, చేతిలో తైలం బుడ్డి. నా భుజం సంగతి విన్నానని, ఈ తైలం ఒక్కసారి రాస్తే సాయంత్రానికల్లా తాతలనాటి విల్లు లాగేస్తావని చెప్పాడు. నేను కళ్ళనీళ్ళతో ఆయన కాళ్ళ మీద పడ్డాను. స్వామి నా అలక విన్నాడనుకున్నాను. కట్టు విప్పబోతుంటే వంటింట్లోంచి నాచమ రోకలి పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, ఈ సన్యాసికి మన గుండన గొంతు ఎలా వచ్చింది?"

అప్పటికే గోడ అవతల తన గొంతు తానే విన్న గుండన గోడ దూకి వచ్చాడు. సాధువు జటలు పట్టుకుని గుంజితే ఊడొచ్చాయి. వాటి కింద చిన్న గంట. తైలం బుడ్డి దొర్లి నేల మీద పొంగి, పడిన చోటల్లా గడ్డి మాడిపోయింది. గుండన గంట లాక్కుని తన గొంతుకు ఆనించుకుని మోగించాడు. గొంతు తిరిగి వచ్చింది. ఇన్నాళ్ళకు వచ్చిన గొంతుతో అతను అన్న మొదటి మాట, "ఒరే మాచనా, చిలకల విల్లుతో కణుజును కొడతావా, కంకి మీంచి తోలతావా?" అని. అంటూనే వలవలా ఏడ్చాడు.

ఆ సందులో దొంగ సాధువు, గాజులవాడిలాగే పొగై జారిపోయాడు. వాడూ వీడూ ఆ మాంత్రికుడే. పెరట్లోని బురదా ఉట్టి తాడూ చూసి మా ఉపాయం కనిపెట్టేసే ఉంటాడు. ఇక ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు. భుజం పూర్తిగా మానడానికి ఇంకా సమయం కావాలని అందరికంటే రుద్రసానికే బాగా తెలుసు. అయినా నన్ను ఆపలేదు. వెడల్పాటి గుడ్డతో భుజాన్ని చుట్టి కట్టి, "ఒక్క బాణం నాయనా. రెండోది ఈ కీలు నీకివ్వదు. ఆ ఒక్కటీ తొందరపడకు" అంది. నాచమ ఎడం భుజానికి మూట కట్టింది. అటుకులు, బెల్లం, గాలి వాటం చూడడానికి బూడిద సంచి. చంద్రమ నా వేలు పట్టుకుని వదల్లేదు. నోరు కదిపింది. ఏమందో తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

నది అడుగున పోయే గబ్బిలాల సొరంగం గుండా కొండ దాటి అడవిలో దిగాను. అక్కడ చెట్లకు వేలాడే గంటలు నేను నడుస్తుంటే ఒక్కొక్కటే మోగాయి. వెనక నుంచి చనిపోయిన మా అమ్మ అన్నానికి రమ్మని పిలిచింది. జవాబిస్తే నా గొంతు పోతుంది. పళ్ళు బిగించి, ఉలకకుండా నడిచాను. అమ్మ మళ్ళీ పిలిచింది, కాస్త విసుగ్గా, అచ్చం బతికి ఉన్నప్పటిలాగే. మాంత్రికుడు చేసిన పాపాల్లో ఇది నేను క్షమించలేను. ఒక మలుపులో నేలంతా మెత్తగా కదిలింది. ఆకుల కింద కొండచిలువలు చాపలా అల్లుకుని ఉన్నాయి. మర్రి ఊడలంత లావు తీగ ఎడం చేత్తో పట్టుకుని ఊగి అవతల పడ్డాను. కుడి చెయ్యి గుండెకు హత్తుకునే ఉంచాను, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

జలపాతం తుంపర తగలగానే బూడిద చల్లి గాలి వాటం చూశాను. గాలి మడుగు మీంచి నా వైపు వస్తోంది. మడుగు అంచున ఒళ్ళంతా ఆ బురదే పూసుకుని, రెల్లు మధ్య నడుము లోతు దిగి కూర్చున్నాను. చలికి భుజం సలుపుతోంది. తూరుపు తెల్లబడింది.

అప్పుడు మా చంద్రమ నవ్వు వినిపించింది.

ముందు దూరంగా, తర్వాత చెట్ల వెనక, తర్వాత నా ఎదుట. కణుజు మంచులోంచి బయటికి వచ్చింది. కొమ్ముల మీద మంచుబొట్లు ముత్యాల్లా వేలాడుతున్నాయి. జూలు రాగిరంగులో మెరిసింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే గంట ఊగుతోంది, గాజులు మోచేతి దాకా జారిన నాటి ఆ నవ్వే మళ్ళీ మళ్ళీ సగంలో తెగుతోంది. నాకు వెంటనే లాగాలనిపించింది. రుద్రసాని మాట గుర్తు తెచ్చుకుని చేతులు ఒళ్ళోనే ఉంచాను. అది మోకాళ్ళు వంచి మడుగులో పొర్లింది. లేచింది. దాని వెచ్చని ఊపిరి నా ముఖానికి తగిలింది. పెద్ద నల్లని కన్ను నా మీదుగా ఒకసారి తిరిగింది. స్వామీ, దీనికీ ఏం కాకూడదు, నాకూ తప్పకూడదు అనుకున్నాను. అలా ఇద్దరి తరఫునా కలిపి అడగవచ్చని నాకు అదివరకు తోచలేదు.

కణుజు మూతి ఎత్తింది. దారం బిగిసింది. లాగాను, వదిలాను.

భుజంలో నిప్పు పడ్డట్టయింది. దారం తెగింది. గంట బురదలో మెత్తగా దిగబడింది. కణుజు ఒక్క దూకు దూకి, అరక్షణం ఆగి, తల అటూ ఇటూ విదిలించింది. ఏదో బరువు తగ్గిందని ఆశ్చర్యపోయినట్టు. తర్వాత చెట్లలో కలిసిపోయింది. నేను బురదలో రెండు చేతులూ పెట్టి కెలికి గంట పట్టుకున్నాను. లోపల బురద కూరుకుపోయి అది మూగగా ఉంది. అదే నయమైంది. కొమ్ము మీది నవ్వు ఆగగానే మాంత్రికుడు వేటకుక్కలను వదిలాడు. వాటి మొరుగు కూడా వాడు దోచుకున్నదే. చప్పుడు లేకుండా వస్తాయి. వెనక్కి చూస్తే తప్ప వస్తున్నట్టు తెలియదు.

చూశాను. ఏటవాలు నిండా నల్లగా, నోళ్ళు తెరుచుకుని, నిశ్శబ్దంగా దిగుతున్నాయి.

సొరంగం దారికి అవి అడ్డుపడ్డాయి. నది వైపు పరుగెత్తాను. ముళ్ళు గీసుకున్నాయి, కట్టు ఊడి వేలాడింది. ఒడ్డున ఒక పాత పడవ, అందులో గొంగడి కప్పుకున్న ముసలివాడు. నన్ను చూసి గొంగడి తీశాడు. తిప్పయ్య. ఈ రేవు పడవవాడు. నాచమ పుట్టిల్లు ఈ అడవి గట్టునే ఉండేది. పెళ్ళయ్యాక ఇతని పడవలోనే ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఏడే అడవి మాంత్రికుడి పాలైంది, మళ్ళీ ఎవరూ ఈ రేవు దాటలేదు.

"రా అల్లుడా, ఎక్కు" అన్నాడు, నిన్నో మొన్నో చూసినట్టు. తమ గట్టు పిల్లను చేసుకున్న ప్రతివాడూ అతనికి అల్లుడే.

ఎక్కాను. గడ వేసి తోశాడు. పడవ కదలలేదు. మళ్ళీ తోశాడు. నీళ్ళు పారుతున్నాయి, పడవ మాత్రం రాతికి అతికించినట్టు నిలిచిపోయింది. తిప్పయ్య గడ మీద గడ్డం ఆనించి నా వైపు చూశాడు.

"పెళ్ళినాటి బాకీ ఉందిగా నాయనా. గంగమ్మ మరిచిపోలేదు."

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఈ రేవులో కొత్త జంట దగ్గర కూలి పుచ్చుకోరు. తొలిచూలు బిడ్డను తీసుకొచ్చి పడవలో ఒకసారి నవ్వించాలి. అదే కూలి. బాకీ ఉన్నవాణ్ణి నది రెండోసారి దాటనివ్వదు. బిడ్డ పుట్టాక మేం రాలేకపోయాం. అతను ఎవరినీ దాటించకుండా ఆ గట్టునే ముసలివాడయ్యాడు.

కుక్కలు ఇసుక తిన్నె మీదికి వచ్చి ఆగాయి. మూతులు ఎత్తి చెవులు రిక్కించాయి. ఒళ్ళంతా బురద ఉంది కనుక నా వాసన వాటికి అందడం లేదు. పొగమంచులో పడవ కనిపించడం లేదు. చప్పుడు కోసమే చూస్తున్నాయి. ఈ గంట మోగిందా, కుక్కలకే కాదు, మేడలో ఉన్న వాడికీ వినిపిస్తుంది. మోగకపోతే పడవ కదలదు.

"బిడ్డ రాలేకపోయింది మామా" అని గొణిగాను. "నవ్వు మాత్రం తెచ్చాను."

గంట నీళ్ళలో ముంచి, వేలితో బురదంతా తీసేసి, కడిగి, పైకెత్తి ఊపాను.

నది ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మా చంద్రమ నవ్వింది. తిన్నె మీది కుక్కలన్నీ ఒక్కసారిగా మా వైపు తిరిగి నీళ్ళలోకి దూకాయి. కొండ మీద మేడలో వేలకొద్దీ గంటలు గగ్గోలెత్తాయి. నల్లని పొగ తాడులా పేనుకుంటూ నది మీదికి సాగింది. పడవ కింద ఏదో పట్టు సడలినట్టయింది. ముక్కు మెల్లగా ప్రవాహం వైపు తిరిగింది. తిప్పయ్య మాత్రం గడ వెయ్యలేదు. కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకు వంచి, ఆ నవ్వు చివరిదాకా విన్నాడు. మొదటి కుక్క పంజా పడవ అంచు మీద పడింది.

అతను దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. గడ ఎత్తి ఆ పంజాను అవతలికి నెట్టి, దాంతోనే పడవను నడి నీళ్ళలోకి తోశాడు.

"వాళ్ళమ్మ నవ్వే" అన్నాడు. "చెల్లింది అల్లుడా. వంగి కూర్చో."